మూఢంలో తెరిచిన కంప్యూటర్

తొంభైల చివర్లో ఖమ్మంలో ఒక పెళ్లి సంబంధాల ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసేదాన్ని. ఊరందరికీ సంబంధాలు చూపించేదానికి ఒక్క సంబంధమూ కుదరడం లేదని మా అమ్మ ఏడుపు. చివరికి ఒక మాఘంలో నాన్న మా ఆఫీసులోనే నా వివరాలూ ఇచ్చాడు. టైపు చేసింది నేనే. ఎత్తు దగ్గర ఒక అంగుళం కలుపుకున్నాను.

మా ఓనరుకు సత్తుపల్లిలోనూ భద్రాచలంలోనూ బ్రాంచీలుండేవి. రోజూ బస్సు డ్రైవర్ల చేత ఫ్లాపీలు పంపించుకుని, మూడు కంప్యూటర్లలోనూ వివరాలు ఒకేలా ఉండేట్టు చూసుకునేవాళ్లం. ఒకే మనిషి గురించి రెండు ఫ్లాపీలు రెండు మాటలు చెబితే, దేనిమీద తర్వాతి తారీఖు ఉంటే అదే చెల్లేది. ఆరు నెలలు దాటిన వివరాలను ప్రోగ్రామే తీసేసేది. తీసేసిన సంగతీ ఫ్లాపీలోనే అన్ని చోట్లకూ వెళ్లేది. ఆపాటికి పెళ్లైపోయి ఉంటుందిలే అని ఓనరు ధీమా.

ఆ ఏడు వైశాఖంలో భద్రాచలానికి పాతదాని బదులు కొత్త కంప్యూటర్ వచ్చింది. చూస్తే మూఢం, దాని వెనకాలే ఆషాఢం.

"మూఢంల పెళ్లిళ్ల కంప్యూటర్ తెరిస్తే ఎవడన్నా గడప తొక్కుతడా?" అన్నాడు ఓనరు. పంతులుగారు శ్రావణంలో గానీ మంచిరోజు లేదన్నారు. అంతదాకా ఆగడానికి ఓనరుకు మనసొప్పలేదు. కంప్యూటర్లో తారీఖునే శ్రావణానికి జరిపించి, కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేయించాడు.

శ్రావణంలో కళ్లు తెరిచిన ఆ కంప్యూటర్‌కు నా వివరాలకు ఆరు నెలలు నిండినట్టు కనిపించింది. తీసేసింది. మర్నాటికి నేను ఖమ్మంలో లేను, సత్తుపల్లిలోనూ లేను.

అంతకు వారం ముందే కల్లూరు వాళ్లు నన్ను చూసి వెళ్లారు. ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని ఆ అబ్బాయి మొహం మీదే చెప్పాడు. అక్కడే నాకు నచ్చాడు. మాట ఖాయం చేద్దామని వాళ్లమ్మ సత్తుపల్లి ఆఫీసుకు వెళితే, అక్కడి గుమాస్తా తెర చూసి, "ఈ పిల్ల పేరు తీసేసిన్రమ్మా. అంటే పెళ్లయిపోయినట్టే," అన్నాడట.

వివరాలు మళ్లీ ఎక్కించాను. భద్రాచలం ఫ్లాపీ వచ్చి మళ్లీ తీసేసింది. నేను ఎక్కించేది వైశాఖంలో, అది తీసేసింది శ్రావణంలో. ఎన్నిసార్లు ఎక్కించినా నా మాటే పాతది. భద్రాచలంలో తారీఖు సరిచేయించమని వెళ్లి ఓనరు మీద అరిచాను.

"ముహూర్తం పెట్టినంక ఎనకకు తిప్పుతరా? శ్రావణం దాకా ఆగు బిడ్డా, గదే సర్దుకుంటది," అన్నాడు.

అప్పటిదాకా ఆ అబ్బాయి ఆగుతాడా? ఒళ్లు మండిపోయి కల్లూరు బస్సెక్కాను. పెళ్లికూతురే పోయి అడగడమేందని మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

వాళ్లమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. "నాకు పెళ్లి కాలేదండీ," అన్నాను, దండం పెట్టడం కూడా మర్చిపోయి. ఫ్లాపీ, మూఢం, శ్రావణం అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడకు ఒక్క ముక్కా ఎక్కలేదు.

"గదంత నాకెందుగ్గాని, చెప్పులిడువు."

విడిచాను. వంగి నా కాలివేళ్లు పట్టి పట్టి చూసింది. మట్టెలు లేవు, మట్టెలు తీసిన మచ్చా లేదు.

"ఒరేయ్, పిల్లకు పెళ్లి కాలే! జల్దీ రా!" అని లోపలికి కేకేసింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

శ్రావణంలో పెళ్లయింది. భోజనాల దగ్గర మా ఓనరు బంతి బంతికీ తిరుగుతూ చెప్పుకున్నాడు. "ఈ పిల్లకు శ్రావణంల పెళ్లయితదని మా కంప్యూటర్ వైశాఖంలనే చెప్పింది!"