పెద్దల్లుడు పాకిన ఇళ్ళు

పెద్దల్లుడిలో ఉన్న లోపమల్లా ఒక్కటే. ఎవరింటికైనా రెండు కాళ్ళమీదే వెళ్తాడు. గడప దాటాక నాలుగు కాళ్ళమీదికి దిగుతాడు.

అందరిళ్ళల్లోనూ కాదులెండి. పెళ్ళిళ్ళకీ పరామర్శలకీ మామూలు మనుషుల్లాగే వెళ్ళొస్తాడు. ఆయన పెంచే లాబ్రడార్‌కి పిల్లలు పుట్టి, "మాకో కూననివ్వండి" అని ఎవరైనా అడిగినప్పుడే ఈ పాకుడు. కూన వెళ్ళబోయే ఇంటిని కూన ఎత్తులోంచే చూడాలన్నది ఆయన సిద్ధాంతం. "నిలబడి చూస్తే ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. కూన నిలబడి చూస్తుందా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పేలోపే ఆయన సోఫా కింద ఉంటాడు.

ఆయనది కళ్ళద్దాల కొట్టు. పగలంతా జనం చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి వెనక గదిలో కుక్కల మధ్య కూర్చుంటాడు. "మా ఆయనకి రెండు రకాల ప్యాంట్లు. పెళ్ళిళ్ళవీ, పాకుళ్ళవీ" అంటుంది ఆయన భార్య. రెండో రకానికి మోకాళ్ళ దగ్గర తోలు అతుకులు ఉంటాయి. ఆవిడే కుట్టింది. కుట్టనని మొండికేసి చూసిందట కానీ, మోకాళ్ళకి మందు రాయడంకన్నా ప్యాంటుకి అతుకు వేయడం తేలికని తెలిసొచ్చిందట.

ఆదివారాలు ఆయన్ని ఈ ఇళ్ళకి కారులో తిప్పే భారం చిన్నల్లుడిది. తోడల్లుడు అన్నాక తోడు వెళ్ళక తప్పదు కదా. చిన్నల్లుడు ఒక పెద్ద కంపెనీలో లెక్కలు చూస్తాడు. రద్దీ బస్సులోంచి దిగినా చొక్కా ఇస్త్రీ చెదరని మనిషి. పరువంటే ప్రాణం. అలాంటివాడు కొత్తవాళ్ళింట్లో సోఫామీద కూర్చుని, కింద తోడల్లుడు అటూ ఇటూ దొర్లుతుంటే, పైన కబుర్లు చెప్పాలి. ఏం చెబుతాడు? "ఈమధ్య వానల్లేవండీ" అంటాడు. బయట జోరున వాన కురుస్తున్నా అదే మాట.

ఒకసారి పళ్ళ డాక్టరుగారింట్లో సోఫా కిందనుంచి గొంతు వినిపించింది. "అమ్మా, మీ చెవి దుద్దు ఎప్పుడు పోయింది?"

డాక్టరుగారి భార్య చేతిలో ట్రే జారినంత పనైంది. "దొరికిందా! మా ఆడపడుచు తీసిందనుకున్నామే! దానితో మాటలే మానేశాం కదండీ!"

"ఇదిగో. దుమ్ము దులిపి పెట్టుకోండి. ఆవిడకి ఫోన్ చేయండి."

"మరి కూన?"

"ఇల్లు బాగుంది" అన్నాడు పెద్దల్లుడు, జుట్టులో బూజు తీసుకుంటూ. "మీకు బాగుంది."

కూన ఇవ్వనని చెప్పడం ఆయనకి చేతకాదు. కాదనాలంటే ఈ మాట అంటాడు. ఔననాలంటే ఏమీ అనడు, లేచి, మోకాళ్ళు దులుపుకుని, "అమ్మా, కొంచెం టీ ఇప్పిస్తారా?" అంటాడు. ఆయన టీ అడిగాడంటే కూన వచ్చినట్టే. వద్దన్నాడంటే బంగారు కప్పులో పోసిచ్చినా లాభం లేదు.

ఇంకోసారి కొత్త దంపతులింట్లో భోజనాల బల్ల కింద చేరి, "మీరు రోజూ ఎలా పోట్లాడుకుంటారో ఒకసారి పోట్లాడండి" అన్నాడు.

"మేం అసలు పోట్లాడుకోమండీ" అన్నాడు భర్త.

"అబద్ధాలు చెప్పకండి. నిన్న తువ్వాలు మంచంమీద పడేసి ఎంత గొడవ చేశారు?" అంది భార్య.

"నేనా గొడవ చేసింది? నువ్వా?"

అక్కణ్ణుంచి బాగానే సాగింది. చిన్నల్లుడు మధ్యలో వానల సంగతి ఎత్తబోయాడు కానీ ఎవరూ వినలేదు. కాసేపటికి బల్ల కిందనుంచి తల బయటపెట్టి పెద్దల్లుడు టీ అడిగాడు. కారెక్కాక చిన్నల్లుడు ఉండబట్టలేక, "అంతలా అరుచుకున్న వాళ్ళకి ఇస్తున్నారేంటి అన్నయ్యా?" అన్నాడు.

"గొంతులే అరిచాయి తమ్ముడూ. కాళ్ళు చూశాను నేను. ఆ అమ్మాయి కాలు ఆ అబ్బాయి కాలిమీదే ఉంది, మొదట్నుంచీ."

కూనల తల్లిని ఇంట్లో అందరూ పెద్దమ్మాయి అంటారు. రాత్రి ఆయన మంచం పక్కనే పడుకుంటుంది, పొద్దున్నే ముక్కుతో తట్టి ఆయన్ని లేపుతుంది. ఈ కాన్పే ఆఖరిదని పశువుల డాక్టరు చెప్పేశాడు. కొట్టుకొచ్చిన ఒక బట్టల వ్యాపారి, "కూనని పెంచే ఓపిక లేదు, ఆ పెద్దదాన్నే ఇచ్చేయండి" అన్నందుకు, "కూనల్ని అడగండి. మా పెద్దమ్మాయిని అడక్కండి" అని అతని చేతిలో ఉన్న కళ్ళద్దాలు కూడా లాక్కుని పంపేశాడు పెద్దల్లుడు. అవి ఆ వ్యాపారివే.

ఇలా రోజులు గడుస్తుండగా చిన్నల్లుడి ఆఫీసులో బదిలీల గొడవ మొదలైంది. దూరాన కొత్తగా తెరిచిన శాఖకి ఒకరిని పంపాలి. చిన్నల్లుడి భార్య ఇక్కడి బళ్ళో టీచరు. ఆయన అక్కడికి వెళితే సంసారం రెండు ముక్కలవుతుంది. ఎవరిని పంపాలో తేల్చేది మేనేజరుగారు. ఆయన ఒకరోజు మాటల్లో, "నాన్నగారికి తోడుగా ఓ కుక్కపిల్ల ఉంటే బావుణ్ణు" అన్నారు. చిన్నల్లుడి నోరు ఊరుకోలేదు. "మా అన్నయ్య దగ్గరున్నాయి సార్! నేను తెచ్చిస్తాను సార్!"

సంగతి విని భార్య నెత్తి కొట్టుకుంది. "బావ పాకకుండా ఇస్తాడా?"

చిన్నల్లుడు పరుగున వెళ్ళి తోడల్లుడి చేతులు పట్టుకున్నాడు. "అన్నయ్యా, ఈ ఒక్క ఇంట్లో కుర్చీలో కూర్చోండి. మీకు పుణ్యముంటుంది. నా కాపురం మీ మోకాళ్ళ మీద ఆధారపడి ఉంది!"

"అలాగేలే. కూర్చునే చూస్తాను" అన్నాడు పెద్దల్లుడు. ఆదివారం నిజంగానే పెళ్ళిళ్ళ ప్యాంటు వేసుకుని కారెక్కాడు. చిన్నల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

మేనేజరుగారి హాల్లో నేల అద్దంలా మెరుస్తోంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి చిన్నల్లుడు కిందికి చూసుకున్నాడు. కుడి కాలి సాక్సుకి చిల్లు. బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. ఇస్త్రీ చొక్కా, కొత్త టై, కింద ఈ వేలు! కూర్చోగానే దానిమీద ఎడమ కాలు వేసి మూసేశాడు. పక్కన పెద్దల్లుడు బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరుగారి భార్య, "టీ తీసుకుంటారా?" అంది. "ఇప్పుడే వద్దమ్మా" అన్నాడాయన.

అప్పుడు లోపల్నుంచి కర్ర చప్పుడు వినిపించింది. మేనేజరుగారి తండ్రి వస్తున్నాడు. నడుము పూర్తిగా వంగిపోయి, మొహం నేలకేసి ఉంది. "నాన్నగారూ, మనుషులొచ్చారు!" అని కేకేశారు మేనేజరుగారు. మళ్ళీ అతిథులతో మామూలు గొంతుతో, "ఆయన తల ఎత్తలేరండీ" అన్నారు.

"చెవులు కూడా…?" అన్నాడు చిన్నల్లుడు.

"చెవులు బాగానే ఉన్నాయి. ఎందుకో గట్టిగా మాట్లాడడం అలవాటైపోయింది."

పెద్దాయన దగ్గరికొచ్చి నాలుగు పాదాల్నీ పరీక్షగా చూశాడు. "పగుళ్ళ మడమలాయనకి నమస్కారం. నల్ల సాక్సులాయనకి నమస్కారం. నాయనా, ఆ బొటనవేలికి ఊపిరాడడం లేదు, కాలు తీసెయ్."

చిన్నల్లుడు కాలు తీశాడు. "ఈమధ్య వానల్లేవండీ" అన్నాడు.

అంతలో పక్క కుర్చీ కిర్రుమంది. చిన్నల్లుడు తిరిగి చూసేసరికి అందులో ఎవరూ లేరు. పెళ్ళిళ్ళ ప్యాంటుతోనే పెద్దల్లుడు నేలమీద ఉన్నాడు! పాక్కుంటూ సరాసరి పెద్దాయన కర్ర దగ్గరికి వెళ్ళి, మొహం పైకెత్తి, "నమస్కారం బాబాయిగారూ" అన్నాడు.

పెద్దాయన కర్ర ఆగిపోయింది.

"మొహం!" అన్నాడు. "ఎన్నాళ్ళయింది నాయనా! మీసం కూడా ఉందే!"

"ఉందండీ. కొంచెం నెరిసింది."

"బానే ఉంది, తియ్యకు. మా వాడికి ఇంకా మీసం ఉందా?"

పెద్దల్లుడు తల తిప్పి చూశాడు. "లేదండీ. నున్నగా తీసేశారు."

"ఎప్పుడురా?" అన్నాడు పెద్దాయన నేలకేసి.

మేనేజరుగారు పైపెదవి తడుముకున్నారు. "చాలా రోజులైంది నాన్నగారూ. మీరు పడుకున్నప్పుడైనా చూశారేమో అనుకున్నాను."

"పడుకుంటే లైటు తీసేసి వెళ్తారుగా" అన్నాడు పెద్దాయన మామూలుగా. "రా నాయనా, ఇల్లు చూపిస్తాను."

నాలుగు కాళ్ళూ మూడు కాళ్ళూ కలిసి లోపలికి వెళ్ళాయి. లోపల్నుంచి ఒకటే నవ్వులు. "ఇక్కడ చీమల దారి… ఇదిగో ఈ బీరువా కింద చూడు." కాసేపటికి పెద్దల్లుడు పళ్ళ మధ్య ఒక తాళంచెవితో తిరిగొచ్చాడు. చేతులు ఖాళీ లేవు మరి.

"ఇది నా కారుది!" అన్నారు మేనేజరుగారు. "దీనికోసం తాళాలన్నీ మార్పించాను! నాన్నగారూ, చెప్పలేదేం?"

"చెబుదామనే వస్తానురా. చూస్తే అందరూ పాదాలే. పాదాలకేం చెప్పను?"

పెద్దల్లుడు లేచి నిలబడ్డాడు. మేనేజరుగారి భార్య ఆశగా, "ఇప్పుడు టీ…?" అంది.

"వద్దమ్మా. ఇల్లు బాగుంది. మీకు బాగుంది."

చిన్నల్లుడు టై వదులు చేసుకున్నాడు. అర్థం కాని మేనేజరుగారు, "మరి కుక్కపిల్ల ఎప్పుడు తెస్తారు?" అన్నారు. పెద్దల్లుడు వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. మేనేజరుగారి మొహం ముడుచుకుపోయింది.

కారు వీధి మలుపు తిరిగేదాకా చిన్నల్లుడు ఆగాడు. తరవాత ఆగలేదు. "మీకేమైనా న్యాయంగా ఉందా అన్నయ్యా? పాకనన్నారు, పాకారు. సరే! పాకినవారు కూన ఇస్తే ఏం పోయింది? నేనిక మూటాముల్లే సర్దుకోవాల్సిందే!"

"కూన ఒక్కచోట ఉంటుందా తమ్ముడూ? కాళ్ళకి అడ్డం పడుతుంది. ఆ కర్ర పట్టుకు లాగుతుంది. పెద్దాయన పడితే లేస్తాడా?"

"ఆ ముక్క అక్కడే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? 'నావల్లే కదా వీళ్ళకి కుక్కపిల్ల రాలేదు' అని ఆ పెద్దాయన అనుకోడూ? నన్ను తిక్కవాడు అనుకుంటే పోయేదేముంది, అందరూ అనుకునేదేగా."

ఆ తరవాతి వారమంతా ఆఫీసులో మేనేజరుగారు చిన్నల్లుడికేసి చూడలేదు. మళ్ళీ ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. "తమ్ముడూ, కారు తియ్యి."

వెళ్ళేసరికి గేటు దగ్గర వదినగారు నిలబడి ఉంది. ఆవిడ పక్కన పెద్దమ్మాయి, స్నానం చేసి, జుట్టు దువ్వించుకుని. ఆవిడ చేతిలో కుక్క గిన్నె, దుప్పటి.

"ఏంటి వదినా ఇది?"

"ఏం చెప్పమంటావు! వారంనుంచీ మీ అన్నయ్య గొడుగు కర్ర పట్టుకుని, నడుము వంచి ఇల్లంతా తిరుగుతున్నాడు. పట్టేసిందేమో అనుకుని రోజూ నూనె రాశాను. తీరా చూస్తే దానికి కర్ర పక్కన నడవడం నేర్పుతున్నాడట! నూనె అంతా దండగ." అంటూనే ఆవిడ దుప్పటి మడత అక్కర్లేకపోయినా మళ్ళీ సరిచేసింది.

దారిపొడవునా పెద్దల్లుడు వెనక సీట్లో పెద్దమ్మాయి పక్కన కూర్చున్నాడు. దాని చెవులే నిమురుతున్నాడు. ఉండబట్టలేక చిన్నల్లుడే, "ఈమధ్య వానల్లేవు అన్నయ్యా" అన్నాడు. "అవును తమ్ముడూ, లేవు" అని ముక్కు చీదుకున్నాడాయన.

మేనేజరుగారు తలుపు తీసి పక్కకి జరిగారు. కర్ర చప్పుడు విని పెద్దమ్మాయి తిన్నగా వెళ్ళి పెద్దాయన ముందు నిలబడింది. దాని మొహం సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా వచ్చింది. అది ముక్కు చాపి ఆయన ముక్కుని తాకింది.

"ఓరి! ఈవిడకీ మీసాలున్నాయే!" అన్నాడు పెద్దాయన.

ఆయన ఒక అడుగు వేశాడు. అదీ ఒక అడుగు వేసింది. ఆయన ఆగితే ఆగింది. అలా ఇద్దరూ హాలు ఆ చివరిదాకా వెళ్ళి వచ్చేవరకు నేలమీద మోకాళ్ళపైనే ఉన్నాడు పెద్దల్లుడు. అప్పుడు లేచి, దులుపుకుని, మేనేజరుగారి భార్యకేసి తిరిగాడు.

"అమ్మా, కొంచెం టీ ఇప్పిస్తారా?"

కొన్నాళ్ళకి మేనేజరుగారు బదిలీ సంగతి మాట్లాడాలని చిన్నల్లుణ్ణి ఇంటికి పిలిచారు. బిక్కుబిక్కుమంటూ వెళ్ళాడు. హాల్లో పెద్దాయన కుర్చీలో వంగి కూర్చున్నాడు, పక్కన పెద్దమ్మాయి. వాళ్ళెదురుగా, ఆఫీసులో కుర్చీలో వెనక్కి వాలడానికి కూడా ఇష్టపడని మేనేజరుగారు నేలమీద వెల్లకిలా పడుకుని కబుర్లు చెబుతున్నారు. పైపెదవిమీద కొత్తగా మీసం మొలుస్తోంది.

"రండి, కూర్చోండి" అన్నారు పడుకునే.

చిన్నల్లుడు సోఫాకేసి చూశాడు.

"అక్కడ కాదు. నాన్నగారు మిమ్మల్ని చూడాలట."

చిన్నల్లుడు ఇస్త్రీ ప్యాంటుకేసి ఒకసారి చూసుకుని, నిట్టూర్చి, మోకాళ్ళమీద కూలబడి మొహం పైకెత్తాడు.

"ఓహో, చిల్లు సాక్సు నువ్వేనా!" అన్నాడు పెద్దాయన. "కొత్తవి కొన్నట్టున్నావే?"

"కొన్నానండీ."

"చూశాను. ఒరే అబ్బాయ్, ఇతన్ని ఎక్కడికీ పంపకు. ఆ మీసాలాయన్ని ఆదివారాలు కారులో తెచ్చేదెవరు?"

"అదే చెబుదామని పిలిచాను నాన్నగారూ" అన్నారు మేనేజరుగారు కిందనుంచి.

ఇంటికొచ్చాక చిన్నల్లుడు ఈ కథంతా చెబుతుంటే భార్య వినడం లేదు. ఆయన మోకాళ్ళకేసే చూస్తోంది. ఇస్త్రీ చెదరని మనిషి ప్యాంటుకి రెండు గుండ్రటి దుమ్ము మచ్చలు.

"ఉండండి" అంది. "అక్కకి ఫోన్ చేస్తాను. తోలు ముక్కలు మిగిలాయేమో అడుగుతా."