వాలు మేస్త్రి కోర్టు కట్టిన వైనం

ఆయన వేసిన గచ్చు మీద నీళ్ళు నిలబడవు. ఇది ఆయన చెప్పుకునే మాట కాదు, ఆయనచేత స్నానాలగది కట్టించుకున్న ప్రతి ఇల్లాలూ చెప్పే మాట. చెంబెడు నీళ్ళు ఏ మూలన పోసినా సరే, దారి తెలిసినట్టు వెళ్ళి తూములో పడాల్సిందే. మిగతా మేస్త్రీలు బద్ద పెట్టి, గాజుగొట్టంలో బుడగ చూసే రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి రెండో కన్ను చికిలించి చేసే పనిని ఈయన అరచేత్తో నిమిరి తేల్చేసేవాడు. అందుకే జనం వాలు మేస్త్రి అన్నారు. కరెంటు బిల్లు మీద తప్ప అసలు పేరు మరెక్కడా మిగల్లేదు.

పొగిడితే పైకి చిరాకు పడేవాడు. "నీళ్ళు పోవడం కూడా ఓ గొప్పేనా?" అనేవాడు. అంటూనే, ఎవరింటికి వెళ్ళినా ముందు స్నానాలగదిలో దూరి ఓ చెంబు నీళ్ళు కుమ్మరించి చూసి వచ్చేవాడు. కూతుర్నిచ్చిన ఇంట్లోనూ ఆ పని చేశాడు. నీళ్ళు కదలకుండా గుమ్మం దగ్గరే మడుగు కట్టాయి. వియ్యాలవారి ఇల్లు కనక ఏమీ అనలేదు. మర్యాద కోసం నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆ వియ్యంకుడు ఇన్సూరెన్సు ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన మెచ్చుకున్న మాట మర్నాటికి గాని నొప్పెట్టదు, అంత మెత్తని మనిషి. పెరట్లో పచ్చిక పెంచి దాని మీద బంతులాట ఆడించేవాడు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ముందు ఓ చిన్న తెల్లబంతిని దొర్లిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ తమ పెద్ద బంతులను దాని దగ్గరికి దొర్లిస్తారు. ఎవరిది దగ్గరగా ఆగితే వాళ్ళది గెలుపు. మధ్యమధ్య టేపు పెట్టి కొలుచుకుంటారు, పోట్లాడుకుంటారు, టీ తాగుతారు. ఆదివారం తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఇదే పని. వియ్యంకుడూ ఆయన స్నేహితులూ ఒక జట్టు, అల్లుడూ అతని స్నేహితులూ ఇంకో జట్టు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వారానికి సెలవు ఆ ఆదివారం ఒక్కటే, అది కాస్తా ఆ ఆటకే పోయేది. ఎప్పుడో నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం ఒక్కతే పుట్టింటికి వచ్చేది. వచ్చి, చెప్పులు విడిచి, వెనక గదిలో చాప కూడా పరుచుకోకుండా చల్లటి గచ్చు మీద పడి నిద్రపోయేది. సాయంత్రం లేచి, ముఖం కడుక్కుని వెళ్ళిపోయేది.

తండ్రికి అది మనసులో ముల్లయి కూర్చుంది.

"చూశావా, దానికి మనింట్లో పొద్దుపోవట్లేదు," అన్నాడు భార్యతో. "అక్కడ నలుగురూ, నవ్వులూ. ఇక్కడేముంది? నేనూ, నువ్వూ, గచ్చూ. అందుకే పడుకుంటోంది."

"అలిసిపోయి పడుకుందేమో," అంది ఆవిడ.

"అలుపేంటే? కుర్చీలో కూర్చుని కళ్ళజోళ్ళు అమ్మితే అలుపొస్తుందా?"

మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యనిదేదీ ఆయన లెక్కలో పని కాదు. కాబట్టి ఆ వాదన అక్కడితో ఆగింది, బంతులాటకు కోర్టు కట్టాలన్న ఆలోచన మాత్రం మొదలైంది. వియ్యంకుడి పచ్చికను తలదన్నే కోర్టు మన పెరట్లోనే ఉంటే ఆట ఇక్కడికే వస్తుంది. ఆటతో అల్లుడొస్తాడు, అల్లుడితో కూతురొస్తుంది. ఆదివారాలన్నీ మనవే. ఆయన కోరిక అంతకన్నా పెద్దదేమీ కాదు. దానికోసం పెరడు మొత్తం తవ్వాల్సి వచ్చిందంతే.

భార్య బట్టలారేసుకునే తీగ పోయింది. మిరపమొక్కలు పోయాయి. "మిరపకాయలు కొనుక్కోవచ్చు, కూతుర్ని కొనుక్కోగలమా?" అన్నాడు మేస్త్రి. ఆవిడ తడిబట్టలు చంకనేసుకుని, ఇల్లంతా ఓసారి చూసి, వాటిని తీసుకెళ్ళి ఆయన కూర్చునే పడకకుర్చీ మీద ఆరేసింది.

పచ్చిక పెంచడం ఆయనకు ఇష్టం లేదు. గడ్డి మొలవడం గడ్డి ఇష్టం, సిమెంటు గట్టిపడడం మన ఇష్టం అన్నాడు. నేల తవ్వి, కంకర పోసి, దిమ్మిసతో కొట్టి, మీద కాంక్రీటు వేశాడు. చుట్టూ బంతులు దాటిపోకుండా ఇటుకల గట్టు కట్టాడు. ఆ పైన గడ్డిలాంటి పచ్చ కార్పెట్టు పరిచాడు. రసమట్టం ఇస్తానని పక్కవీధి మేస్త్రి అంటే, "చిన్నపిల్లాడికి నడక నేర్పుతావా?" అని నవ్వి పంపించేశాడు. అరచేత్తోనే నిమిరాడు. పని అయ్యాక నిలబడి చూసుకుంటే అద్దంలా ఉంది. కాకి పిల్ల కాకికి ముద్దు.

ఆదివారం అందరూ వచ్చారు. కూతురు కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి కొత్త కోర్టును ఆ చివర్నించి ఈ చివరిదాకా చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పుట్టింటికొచ్చిన పిల్ల సరాసరి తల్లి దగ్గరికి వెళ్ళిందని మేస్త్రి మురిసిపోయాడు.

వియ్యంకుడు టోపీ సవరించుకుని తెల్లబంతిని దొర్లించాడు. అది కాస్త దూరం తిన్నగా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగి, గట్టు మూలకెళ్ళి కూర్చుంది. పెద్ద బంతి వేశారు. అదీ అక్కడికే వెళ్ళింది. అల్లుడు వేసిందీ, వాడి స్నేహితుడు వేసిందీ, ఎడమచేత్తో వేసిందీ, కళ్ళు మూసుకుని వేసిందీ అన్నీ ఆ మూలకే చేరాయి. ఆ మూలలో ఏముందో మేస్త్రి అప్పుడు చూశాడు. తూము ఉంది. తను ఎప్పుడు పెట్టాడో తనకే తెలియదు. చెయ్యి అలవాటుకొద్దీ తూము పెట్టింది, తూము ఉంది కాబట్టి అలవాటుకొద్దీ వాలూ ఇచ్చింది.

"బ్రహ్మాండం బావగారూ!" అన్నాడు వియ్యంకుడు. "ఎవరు వేసినా గెలుపే. ఇంత సమానత్వం నేనెక్కడా చూడలేదు."

"సబ్బెక్కడ పెట్టారండీ?" అన్నాడు ఇంకొకాయన.

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదు గనక. మరుసటి ఆదివారం ఎవరూ రాలేదు. కూతురూ రాలేదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మేస్త్రి పలుగు తీసుకుని తన గచ్చును తనే పగలగొట్టాడు. పక్కవీధి మేస్త్రి దగ్గరికి తనే నడుచుకుంటూ వెళ్ళి రసమట్టం అడిగి తెచ్చుకున్నాడు. ఆ కాసేపు నడకా ఆయనకు కాంక్రీటు కలపడం కంటే బరువనిపించింది. ఇక వాలు లేకుండా గచ్చు వేయడమంటే, ఈ వయసులో రాయడం మళ్ళీ నేర్చుకోవడమే. తాపీ పట్టుకుంటే చాలు, చెయ్యి తనంతట తనే మూలకు లాగేది. "ఆగవే!" అని చేతిని కసిరేవాడు. అడుగడుగునా రసమట్టం పెట్టి, మోకాళ్ళ మీద దేకుతూ, మొత్తానికి మట్టసంగా వేశాడు. తూము ఉంటే మళ్ళీ బుద్ధి అటే పోతుందని దాన్ని సిమెంటుతో మూసేశాడు. తన చేత్తో తూము మూయడం ఆయనకు అదే మొదలు.

"వాళ్ళ ఆట కోసం మీ నడుం విరగ్గొట్టుకోవడం ఏంటండీ?" అంది భార్య.

"వాళ్ళ ఆటకెందుకే? అమ్మాయి కోసం," అన్నాడు.

ఈసారి బంతి వేసిన దారిలో వెళ్ళింది, ఆగమన్న చోట ఆగింది. వియ్యంకుడు నాలుగు మూలల నుంచీ వేసి చూసి, ఈసారి నిజంగానే మెచ్చుకున్నాడు. ఎలా తెలిసిందంటే, మర్నాడు కూడా నొప్పెట్టలేదు. పైగా తొక్కీ తొక్కీ తన పచ్చిక బోడిదైపోయిందనీ, ఇకమీదట ప్రతి ఆదివారం ఆట బావగారింట్లోనేననీ ప్రకటించేశాడు.

మేస్త్రి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వారం వారం కూతురు కళ్ళెదుట తిరుగుతోంది. పళ్ళెంతో వెళ్తోంది, ఖాళీ కప్పులతో వస్తోంది. "అమ్మా, మీ మామగారికి ఇంకో కప్పు!" అని ఆయనే హుషారుగా కేకేసేవాడు. ఆ కేకలో ఇంటి యజమాని దర్జా ఉండేది.

ఇలా కొన్నాళ్ళు గడిచాక, ఒక శనివారం సాయంత్రం పట్టిన వాన తెల్లారి గాని వదల్లేదు. ఆదివారం పొద్దున్న మేస్త్రి పెరటి తలుపు తీస్తే కోర్టు లేదు, చెరువుంది. చుట్టూ గట్టు, లోపల మట్టసమైన నేల, తూము లేదు. నీళ్ళు ఎటు పోతాయి? పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, చీపురుతో నీళ్ళు గట్టు మీదుగా చిమ్ముతుంటే కూతురు గొడుగు వేసుకుని ఒక్కతే వచ్చింది. అది చూసి పకపకా నవ్వింది. పెళ్ళయ్యాక ఆ నవ్వు ఆ ఇంట్లో వినిపించడం అదే మొదలు.

"సాయంత్రానికి ఆరగొట్టేస్తానమ్మా," అన్నాడు తండ్రి రొప్పుతూ. "మీ మామగారికి ఫోన్ చేసి చెప్పు, ఒక్క ఆటైనా పడుతుంది."

"ఆరగొట్టకు నాన్నా."

"అదేంటి?"

కూతురు మెట్టు మీద కూర్చుంది. "ఆదివారం వస్తే పదిమందికి టీలు నాన్నా. పొద్దున ఒకటి, పదకొండింటికి ఒకటి, అన్నాలయ్యాక ఒకటి, కొలతల దగ్గర గొడవైతే ఇంకోటి. మంచివాళ్ళే. కప్పు అందించిన ప్రతిసారీ థాంక్స్ అంటారు. ఆ థాంక్స్ మోసీ మోసీ నడుం పట్టేసింది నాకు. మరీ ఓపిక లేనప్పుడు, అమ్మకి ఒంట్లో బాలేదని చెప్పి ఇక్కడికొచ్చి పడుకునేదాన్ని. ఆట లేని ఇల్లు నాకు ఇదొక్కటే ఉండేది."

మేస్త్రి చేతిలో చీపురు ఆగిపోయింది. "మరి ముందే చెప్పొచ్చుగా?"

"ఎట్లా చెప్పను? నాకోసమే కడుతున్నావని అమ్మ చెప్పింది. ఒకసారి పగలగొట్టి మళ్ళీ వేస్తున్నావని కూడా చెప్పింది." కాసేపు నీళ్ళ వైపు చూసింది. "చాలా బాగా కట్టావు నాన్నా. వచ్చిన చిక్కంతా అదే."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి నీళ్ళలో అలాగే నిలబడ్డాడు. ఇంకో కప్పు అని తను వేసిన కేకలన్నీ చెవుల్లో మోగాయి. ఆయనకు సిగ్గేసింది. బంతులన్నీ తూము దగ్గర చేరినప్పటి సిగ్గు దీని ముందు ఏ మూలకు?

ఇంతలో మోగుతున్న ఫోన్ భార్య తెచ్చి చేతికిచ్చింది. వియ్యంకుడు.

"బావగారూ, మా పచ్చిక బురద బురదైపోయింది. మీకేం, కాంక్రీటు! సాయంత్రానికి ఆరిపోతుందిగా? అందరం బయల్దేరుతున్నాం."

మూలన పలుగుతో ఒక్క పోటు పొడిస్తే చాలు. మూసిన తూము తెరుచుకుంటుంది, గంటలో నీళ్ళన్నీ పోతాయి. ఆ మూల ఎక్కడో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

"ఆరదండీ," అన్నాడు.

"పోనీ వచ్చే వారానికి?"

"వచ్చే వారానిక్కూడా ఆరదు. నీళ్ళు నిలబడిపోతున్నాయి. పని కుదర్లేదు బావగారూ."

"మీరు వేసిన గచ్చు మీద నీళ్ళు నిలవడమేంటండీ! ఎవరైనా మంచి మేస్త్రిని పిలిచి చూపించండి."

పక్కనే నిలబడ్డ భార్య ఆయన మొహం చూడలేక నేల చూపులు చూసింది.

"చూపించాను. లాభం లేదన్నాడు. నా చేతిలో పనితనం పోయిందండీ," అని, ఆ మాట చాలదేమోనని, "మీ వాళ్ళందరికీ కూడా చెప్పండి," అన్నాడు.

చెప్పమన్నాక ఆ పెద్దమనిషి ఊరుకుంటాడా! రెండు రోజుల్లో ఊరంతా పాకిపోయింది. వాలు మేస్త్రి చెయ్యి పోయిందట, పాపం సొంత పెరట్లోనే చెరువు కట్టుకున్నాడట. మాట ఇచ్చి ఉన్న రెండు స్నానాలగదుల పని పక్కవీధి మేస్త్రికి వెళ్ళిపోయింది. ఆయన వచ్చి రసమట్టం తిరిగి పట్టుకెళ్ళాడు. ఎంతో జాలిగా మాట్లాడాడు కూడా. మేస్త్రి అన్నీ విన్నాడు. ఆ రెండు రోజులూ అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

అందరికంటే ఎక్కువ బాధపడ్డవాడు వియ్యంకుడే. బోడి పచ్చిక మీదే ఆట మళ్ళీ మొదలుపెట్టించి, కోడల్ని పిలిచి, "టీల సంగతి మేం చూసుకుంటాంలే అమ్మా. మీ నాన్న బాగా కుంగిపోయి ఉంటారు. ప్రతి ఆదివారం వెళ్ళి కాస్త ధైర్యం చెప్పిరా," అని బతిమాలాడు.

పెద్దల మాట కాదనకూడదు కదా. ఆదివారం పొద్దున్నే వచ్చింది. సాయంత్రం దాకా ధైర్యం చెబుతూనే ఉంది, వెనక గదిలో గచ్చు మీద పడుకుని, చిన్నగా గురక పెడుతూ.