జ్వరం తగ్గిన ఆదివారం

మా అత్తగారి సంఘంలో జ్వరం బిళ్ళ మింగడమంటే దేవుణ్ణి అనుమానించడం. జగ్గయ్యపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక రేకుల షెడ్డులో ఆరాధన జరుగుతుంది. అక్కడికి వచ్చేవాళ్ళు తలనొప్పికి కూడా మందు వాడరు. జబ్బు చేస్తే అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఇంటికొచ్చి నుదుటి మీద నూనె రాసి ప్రార్థన చేస్తారు. తగ్గినవాళ్ళు ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. తగ్గకుండా పోయినవాళ్ళని ప్రభువు పిలుచుకున్నాడంటారు. వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఏడవకూడదు, పాట పాడాలి.

మాదీ క్రైస్తవ కుటుంబమే. నందిగామ పక్క ఊళ్ళో పెద్ద చర్చి మాది. మా అమ్మ బతికున్నప్పుడు ప్రార్థనా చేసుకునేది, బిళ్ళా వేసుకునేది. పండక్కి మెడలో గొలుసు, తల్లో పూలు పెట్టుకుని చర్చికెళ్ళేది. ఈ సంగతి విని పెళ్ళిచూపుల్లోనే మా అత్తగారు, "అయితే మీరు క్రిస్మస్ కేకు క్రైస్తవులన్నమాట" అని నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు. పెళ్ళయిన నెలకి నాకు ఆ నవ్వు అర్థమైంది. చిన్నప్పుడు తల మీద చల్లిన నీళ్ళు లెక్కలోకి రావని, నన్ను మునేటిలో ముంచి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలోకి దిగే ముందు ఒడ్డున మా అత్తగారే నా కమ్మలు విప్పింది. శీల బిగుసుకుపోయి రాకపోతే మెలితిప్పింది. చెవి నుంచి రక్తం కారింది. "లోకాన్ని వదిలేటప్పుడు ఆ మాత్రం నొప్పి ఉండదా?" అంది.

ఆ షెడ్డుకి నేను బలవంతాన వెళ్ళానని చెబితే అబద్ధమవుతుంది. వాయిద్యం ఏదీ లేకుండా చప్పట్ల మీద పాడే వాళ్ళ పాటలు నాకిష్టం. ఆడవాళ్ళందరూ ఒకేసారి గొంతెత్తి ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటుంటే, ఆ హోరులో నా మాట ఎవరికీ వినపడదన్న ధైర్యంతో దేవుడికి అన్నీ చెప్పుకునేదాన్ని. అమ్మ పోయాక అలా మాట్లాడింది అక్కడే.

డిగ్రీ మధ్యలో పెళ్ళి, ఆఖరి సంవత్సరం మొదట్లో పాప. చివరి సెమిస్టర్ పరీక్షలు నందిగామలో రాయాలి. పాప అప్పుడప్పుడే పాకుతోంది. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. మంచివాడు. ఎవరికీ అక్కరకు రాని మంచితనం ఆయనది. పాపని చూసుకునే దిక్కు మా అత్తగారొక్కతే. ఆవిడ ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది.

"పరీక్షలు రాసుకో, నేనొద్దనను. నా ఇంట్లో మాత్రం మందు సీసా కనపడకూడదు. నా చేతుల్లో ఉన్నా, నీ చేతుల్లో ఉన్నా, ఆ పిల్ల దేవుడి పిల్ల."

"సరే అత్తయ్యా" అన్నాను. ఇంకేమంటాను? డిగ్రీ పూర్తయితే ఏదో ఒక స్కూల్లో చేరదామని, చేతిలో ఒక పనంటూ ఉంటే ఈ ఇంట్లో నా మాటకి కాస్త బరువొస్తుందని నా ఆశ. మూడేళ్ళ చదువు ఆ కొన్ని పరీక్షల మీద నిలబడి ఉంది.

పొద్దున్నే పాపకి పాలిచ్చి బస్సెక్కేదాన్ని. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక లారీల మధ్య బస్సు ఊగుతుంటే ఒళ్ళో పుస్తకం పెట్టుకుని సగం చదువూ సగం ప్రార్థనా. హాల్ టికెట్ మీద ఫొటో పెళ్ళికి ముందుది. అందులో నాకు కమ్మలున్నాయి, పూలున్నాయి. మొదటి రోజు ఇన్విజిలేటర్ మేడమ్ ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇందులో ఉన్నది మీ చెల్లెలా అమ్మా?"

"నేనేనండి."

వెనక బెంచీ నుంచి మా క్లాసు పిల్ల ఒకతె, "ఇప్పుడు పాస్టరమ్మ అయ్యిందండీ, అందుకే చెవులు బోసిపోయాయి" అంది. గదంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వుకుంటూ సంతకం పెట్టింది.

చివరి నుంచి రెండో పరీక్షకి ముందు రోజు పాపకి జ్వరం వచ్చింది. అయ్యగారు వచ్చి నూనె రాశారు. రాత్రంతా ఒళ్ళు కాలిపోయింది. పొద్దున కూడా తగ్గలేదు. నేను కదలకుండా కూర్చుంటే మా అత్తగారు పాపని నా ఒళ్ళోంచి లాక్కుంది.

"నువ్వు భయపడుతుంటే దానికెలా తగ్గుతుందే? నీ అవిశ్వాసమే దాని జ్వరం. వెళ్ళి రాసిరా."

ఆ రోజు ఏం రాశానో నాకు తెలియదు. బయటికొచ్చి బస్టాండు పక్క మందుల షాపులో పాప వయసూ బరువూ చెప్పి జ్వరం సిరప్ కొన్నాను. నా నెలసరి ప్యాడ్ల ప్యాకెట్‌లో దాచి తెచ్చాను. ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. స్నానాలగదిలో పాపకి కాళ్ళు కడుగుతున్నట్టు నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో పట్టించాను. అది ఉమ్మకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. పట్టిస్తున్నంతసేపూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

శనివారం సాయంత్రానికి పాప ఒళ్ళు చల్లబడింది. మా అత్తగారు దాన్ని ఎత్తుకుని వీధంతా తిరిగింది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదొక్కసారే. ఇంటింటికీ ఆగి, "నూనె రాశారు, అంతే" అని చెప్పింది. ఇంటికొచ్చాక నాతో అంది, "రేపు నువ్వే సాక్ష్యం చెప్పాలి. కన్నతల్లి చెబితేనే అందం."

"మీరు చెప్పండి అత్తయ్యా. నాకు నలుగురిలో మాట రాదు."

"మాట రాని దానివి డిగ్రీ ఎలా చదువుతున్నావే?"

ఇంకొక్క పరీక్ష మిగిలి ఉంది. మంగళవారం. నిజం చెబితే పాపని ముట్టుకోదు, నేను పరీక్ష రాయలేను. అబద్ధం చెబితే మళ్ళీ జ్వరం వచ్చిన రోజున ఆ సాక్ష్యమే నాకు అడ్డం నిలబడుతుంది. అప్పుడు నూనెతో తగ్గిందని నీ నోటితో నువ్వే చెప్పావు కదా అంటారు. పైగా పిల్లని ఎత్తుకుని దేవుడి పేరు మీద అబద్ధమాడితే ఆ పాపం దీనికి తగులుతుందేమోనని ఇంకో భయం. భయాల్లో కూడా నేను ఒక్కదానితో సరిపెట్టుకోలేను.

ఆదివారం షెడ్డు నిండింది. అయ్యగారు నన్ను పిలిచారు. పాపని చంకనెత్తుకుని నిలబడ్డాను.

"మా పాపకి జ్వరం వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేశారు."

"స్తోత్రం!" అన్నారందరూ.

"అత్తయ్య రాత్రంతా మోకాళ్ళ మీద ఉంది."

"స్తోత్రం!"

"నేను సిరప్ పట్టాను."

సగం మంది అలవాటుగా మళ్ళీ స్తోత్రం అనేశారు. వెనక వరసలో ఎవరో కుర్రపిల్ల కిసుక్కున నవ్వింది. "దేవుడు వినలేదని నేననను. కానీ మందు కూడా పట్టాను" అని కూర్చున్నాను.

అయ్యగారు గొంతు పెంచలేదు. "కూర్చోకమ్మా, నిలబడు. మన మధ్యకి శత్రువు ఎలా వస్తాడో అందరూ చూడాలి. ప్యాంటూ చొక్కా వేసుకుని రాడు. చంకలో పసిబిడ్డనేసుకుని వస్తాడు" అన్నారు. ఆరాధన అయ్యేదాకా నిలబడే ఉన్నాను. పాప ఏడిస్తే ఎవరూ అందుకోలేదు. చివర్లో ప్రభువు బల్ల, అంటే సంఘంలో ఉన్నవాళ్ళంతా ప్రభువు పేరున రొట్టె పంచుకునే ఆచారం. ఆ రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చింది. నా పక్కన ఉన్న మా అత్తగారు తన ముక్క తీసుకుని, నా ముందు నుంచి చెయ్యి చాచి పళ్ళాన్ని అవతలి ఆవిడకి అందించింది. అలా చాచినప్పుడు మా అత్తగారి చీర కొంగు పాప మొహానికి రాసుకుంది. పాప ఏడుపు ఆపి ఆ కొంగు పట్టుకుంది. మా అత్తగారు లాక్కుంది.

ఇంటికొచ్చాక మా అత్తగారే అన్నం వడ్డించింది. మా ఆయన అన్నం కలుపుకుంటూ, "అమ్మా, పోనీలే, తగ్గింది కదా" అన్నాడు. అప్పుడు ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"దేనితో తగ్గింది? చెప్పరా. దేనితో? మీ నాన్నకి కడుపునొప్పి వస్తే ఆస్పత్రి గేటు దాకా ఆటోలో తీసుకెళ్ళారు మీ బాబాయిలు. నేను ఆటోకి అడ్డం పడి వెనక్కి తెచ్చుకున్నా. మూడో రోజు పోయాడు. ఏడవలేదు. పాట పాడా. నీకు గుర్తుందా? ఇప్పుడు నీ పెళ్ళాం చెంచాడు మందుతో తగ్గిందంటోంది. అయితే నేనేం చేసినట్టురా? చెప్పు, నేను ఆయన్ని ఏం చేసినట్టు?"

మా ఆయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. తర్వాత తిన్నాడు.

మంగళవారం పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. సెలవు అడగమంటే, "అడిగితే ఇవ్వరు" అన్నాడు. అడగలేదు. ఏమైతే అయిందని, పాపని పరీక్షకి వెంట తీసుకెళ్దామని నేను దాని బట్టలు సంచిలో సర్దుకుని గుమ్మం దాకా వచ్చాను. మా అత్తగారు అడ్డం వచ్చింది.

"ఆ సీసా ఇలా తే."

తెచ్చి ఇచ్చాను. పంపు దగ్గర మోరీలోకి వంచి, సీసాని కడిగి కూడా పారేసింది. తర్వాత చేతులు చాచి పాపని తీసుకుంది.

"ఇప్పుడెళ్ళు. ఈసారి దీన్ని ఎవరు కాపాడతారో చూద్దాం."

పాప చల్లగానే ఉంది. నుదురు చూశాను, మెడ కింద చూశాను, పొట్ట చూశాను. వెళ్ళాను. పరీక్ష హాల్లో పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతే పైట సర్దుకుంటూ రాశాను. ఒక్క ప్రశ్న కూడా వదలలేదు. నాకే ఆశ్చర్యం.

తిరిగొచ్చేసరికి పాప మళ్ళీ కాలిపోతోంది. కళ్ళు సగం మూసుకుని మూలుగుతోంది. మా అత్తగారు దాన్ని పడుకోబెట్టి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను పాపని భుజాన వేసుకుని బజారు వైపు నడిచాను. ఆవిడ నా వెనకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఆపలేదు. పిల్లల డాక్టరు దగ్గరికొచ్చాక మాత్రం లోపలికి రాలేదు. బయట కిటికీ పక్కన నిలబడింది.

డాక్టరు, "జ్వరం ఎప్పుడు మొదలైంది? పాలు తాగిందా? విరేచనాలున్నాయా?" అని అడిగాడు.

పోయిన వారం ఒకసారి వచ్చి తగ్గిందని చెప్పాను. ఇవాళ్టి సంగతి ఒక్కటీ నాకు తెలియదు. కిటికీ వైపు చూశాను. ఆవిడ బయటి నుంచే చెప్పింది. "నువ్వెళ్ళిన గంటకి కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి, ఆ తర్వాత ఒళ్ళు కాలింది, కుడి చెవి ముట్టుకుంటే ఏడుస్తోంది, సీసా పాలు రెండు గుక్కలు తాగి కక్కేసింది." డాక్టరు చెవిలోకి లైటు వేసి చూశాడు.

"చీము పట్టింది. మొన్న ఎవరికీ చూపించలేదా?"

"జ్వరం సిరప్ పట్టానండి."

"జ్వరం సిరప్ చెవిని బాగు చేస్తుందా? చదువుకున్నదానివేనా నువ్వు?"

ఆ మాట కిటికీ బయటికి వినపడింది. ఆవిడ నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. నేను షెడ్డులో చెప్పింది కూడా సగమే నిజమన్నమాట. నా సిరప్పూ తగ్గించలేదు, వాళ్ళ నూనె కూడా తగ్గించలేదు. వచ్చిన జ్వరం కాసేపు పక్కకి తప్పుకుంది, అంతే. ఆ సగం నిజానికి నా రొట్టె పోయింది.

ఇంటికి తిరిగొచ్చే దారిలో మా అత్తగారు అడిగింది.

"పరీక్ష బాగా రాశావా?"

"రాశానండి."

"పాసవుతావా?"

"అవుతాను."

"అవ్వు. నేను మాత్రం దీన్ని ఇక ముట్టుకోను. నేను పట్టుకుంటే నువ్వు ధైర్యంగా బయటికెళ్తావు. మళ్ళీ జ్వరం వస్తుంది. మళ్ళీ నా కళ్ళ ముందే దీన్ని ఆస్పత్రికి మోసుకుపోతావు, మళ్ళీ తగ్గుతుంది. ప్రతిసారీ నేను కిటికీ బయట నిలబడి మీ మామయ్య గురించి ఆలోచించలేను."

అయిదు రోజులు మందు వాడాక పాపకి తగ్గింది. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నందిగామలో ఒక స్కూలువాళ్ళు రమ్మన్నారు. పిల్లని చూసుకునేవాళ్ళు లేక వెళ్ళలేదు. ఆదివారం షెడ్డుకి ఇప్పటికీ వెళ్తాను. వెనక వరసలో కూర్చుంటాను. పళ్ళెం నన్ను దాటి వెళ్తుంది. అయినా ఆ హోరులో నా మాట నేను చెప్పుకుంటాను. దేవుడు వాళ్ళ పళ్ళెంలోనే ఉన్నాడని నేననుకోను.

మా అత్తగారు మాట తప్పే మనిషి కాదు. పాప ఇప్పుడు పట్టుకుని నిలబడటం నేర్చుకుంది. రోజూ సాయంత్రం ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసుకుంటుంటే పాకుతూ వెళ్ళి, చీర కుచ్చిళ్ళు దొరకబుచ్చుకుని పైకి లేస్తుంది. తల ఎత్తి చూసి నవ్వుతుంది. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంటుంది. కాలు కదపదు, పిల్ల పడిపోతుందని. తోసెయ్యదు. వంగి ఎత్తుకోదు. పాప చేతులు నొప్పెట్టి కూలబడేదాకా ఇద్దరూ అలాగే నిలబడి ఉంటారు.