డస్టర్ సారు

ఆబిడ్స్‌లో మాకు స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పిన సారు ముందు, ఏ మాటకైనా అర్థం తెలియదన్నామా, డస్టర్ మొహానికి తగిలేది.

ఓ సాయంత్రం నాంపల్లి స్టేషన్‌లో, తెలియక ఆడవాళ్ల బోగీ ఎక్కిన పల్లెటూరి ముసలాయన్ని జనం కిందికి లాగి తన్నుతుంటే, నా కళ్లముందే సారు అడ్డం పడ్డాడు. "ఆయనకు తెల్వదు, ఇడ్సిపెట్టున్రి!" అంటూ తనూ దెబ్బలు తిన్నాడు.

మర్నాడు చిట్లిన పెదవితోనే వచ్చి, బోర్డు మీద 'ఇగ్నోరెంట్' అని రాసి నన్ను అర్థం అడిగాడు.

"మూర్ఖుడు, సార్."

డస్టర్ నా కనుబొమ్మ చీల్చింది.

"తెల్వనోడురా! తెల్వనోడు మూర్ఖుడు కాదు. తెల్వనోన్ని కొట్టేటోడు మూర్ఖుడు!" అని అరిచాడు.

నా కంట్లోకి రక్తం కారింది. సారు సుద్ద అంటిన తన చేతినే చూసుకుంటూ నిలబడిపోయాడు.