ఉస్తాద్ కొట్టిన కొబ్బరికాయ

వేడి ఇంజిన్ మీద కొబ్బరినీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. కొంచెం తీపి, కొంచెం మాడు. ఈ ఉదయం హసన్‌పర్తిలోని నా షెడ్డులో, కొత్త ఇంజిన్ ఎక్కించిన కారుకు పూజ చేస్తానని ముచ్చటపడ్డ దాని యజమాని, నేను వద్దనేలోపే బానెట్ ఎత్తి కాయను ఇంజిన్ అంచు మీదే కొట్టేశాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వాగలేదు. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. మొగిలయ్య ఉస్తాద్‌ను చూడని మనిషికి ఆ నవ్వు ఎలా అర్థమవుతుంది?

హనుమకొండలో ఉస్తాద్ షెడ్డులో నేను వైరింగ్ చేసేదాన్ని. ఐటీఐ చదివొచ్చిన ఆడమనిషికి బండి అప్పగించడానికి తక్కిన షెడ్ల వాళ్లంతా నీళ్లు నమిలితే, ఆయన మాత్రం "పని జేసేది చేతులు గని చీర గాదు. రా బిడ్డా" అన్నాడు. మనిషి మంచివాడే, నోరే లౌడ్‌స్పీకర్. బండి నుంచి ఏది కారినా వేలితో అద్ది నాలుక మీద వేసుకుని, డాక్టరులా కళ్లు మూసుకుని రోగం పేరు చెప్పేవాడు. ఏ బండి మొరాయించినా ఆయనది ఒకటే సూత్రం. "ఆఖరికి చెయ్యి ఎవరు వెట్టిండ్రో ఆడనే చూడుండ్రి." ఈ సూత్రం షెడ్డులో అందరికీ వర్తించేది, ఆయనకు తప్ప.

ఒకసారి కేసముద్రం నుంచి ఐలయ్య అనే డ్రైవర్ తన కిరాయి కారు తెచ్చుకున్నాడు. పాత ఇంజిన్ దింపి కొత్తది ఎక్కించాం. తాళం తిప్పగానే అది మెత్తగా, ముద్దుగా మోగింది. ఉస్తాద్ సంబరానికి పట్టపగ్గాల్లేవు. పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయను సరాసరి ఇంజిన్ నెత్తిన ఫెడేల్మని కొట్టాడు. హారతయ్యాక ఐలయ్య మళ్లీ స్టార్ట్ చేశాడు. కారు కుంటి గేదెలా ఊగడం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లలో రెండోది సరిగా మండక మిస్సింగ్ కొడుతోందని స్కానర్ చూపించింది.

"వైరింగే! ఆఖరికి చెయ్యి వెట్టింది సునీత" అని ఉస్తాద్ అరిచాడు.

ఎదురుగా టీ కొట్టు. అక్కడ చుట్టుపక్కల షెడ్ల మేస్త్రీలంతా నిలబడి ఉన్నారు. ఆ మాట వాళ్ల చెవిన పడింది. ఇక నాకు ఈ ఊళ్లో వైరు ముక్క కూడా ఎవరూ ఇవ్వరనుకున్నాను. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. చుట్టిన టేపంతా విప్పి ప్రతి జాయింటూ పరీక్షించాను. ఎక్కడా తప్పు లేదు.

"వైర్లు మంచిగనే ఉన్నయి, ఉస్తాద్."

"మరి కరెంటు యాడికి పోతాంది?"

ప్లగ్గుకు కరెంటు అందించే రెండో సిలిండర్ కాయిల్ పైకి లాగాను. ప్లగ్గు మీద కూర్చునే దాని కొస తడిగా ఉంది. నేను నోరు తెరిచేలోపే ఉస్తాద్ వేలు పెట్టి నాకాడు. ఆయన మొహం పాలిపోయింది.

"తియ్యగున్నది. రేడియేటర్ కూలెంటే గిట్ల తియ్యగుంటది! గ్యాస్కెట్ పోయి లోపలికి కారింది. ఇంజిన్ మళ్ల దింపాలె."

ఐలయ్య అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. "కొత్త ఇంజిన్ గదా, ఉస్తాద్! ఇంకా కుంకుమ గూడ రాలలే!"

నేను టార్చి వేసి ప్లగ్గు గుంతలోకి చూశాను. అడుగున నీళ్లు, వాటిలో తెల్లగా ఏదో తేలుతోంది. పట్టకారుతో తీశాను. కొబ్బరి ముక్క. దాన్ని అరచేతిలో పెట్టి ఉస్తాద్ ముందు చాచాను.

"ఆఖరికి చెయ్యి వెట్టింది ఎవరు, ఉస్తాద్?"

అనేశాక నాకే భయమేసింది. ఆయన ముక్కను చూశాడు, నన్ను చూశాడు, టీ కొట్టు వైపు తిరిగాడు.

"అందరు ఇనుండ్రి! ఇంజిన్‌కు కొబ్బరినీళ్లు తాపింది నేనే! సునీత వైరింగ్‌కు వంక లేదు!"

టీ కొట్టు గొల్లున నవ్వింది. గాలి కొట్టి గుంత ఆరబెట్టగానే ఇంజిన్ మళ్లీ ముద్దుగా పలికింది. "ప్రసాదం పారేయొద్దు" అంటూ ఉస్తాద్ ఆ ముక్కను చొక్కాకు తుడిచి నోట్లో వేసుకున్నాడు.

అప్పటి నుంచి ఆయన పేరు కొబ్బరికాయ ఉస్తాదే. ఎవరైనా ఎగతాళి చేయకముందే తనే ఆ కథ మొదలుపెట్టేవాడు. చెప్పిన ప్రతిసారీ కథలో ఆయన ఇంకాస్త తెలివితక్కువవాడయ్యేవాడు. చివరి మాట మాత్రం ఎప్పుడూ మారేది కాదు. జనాన్ని నవ్వించడానికే చెబుతున్నాడని అనుకునేదాన్ని. ఆయన పోయాక నేను సొంతంగా షెడ్డు తెరిచి, ఎవరూ రారేమోనని దిగులుపడుతుంటే, ముక్కూ మొహం తెలియని డ్రైవర్లు డోర్నకల్ నుంచి కూడా వచ్చారు. ప్రతివాడి నోటా అదే చివరి మాట. ఆ రోజు బానెట్ కింద తల దూర్చి ఏడ్చాను.

ఈ ఉదయం చిన్నబోయిన ఆ పెద్దమనిషికి కథంతా చెప్పాను. ముగింపుకు రాకముందే ఆయన కళ్లు పెద్దవి చేశాడు. "సునీత వైరింగ్‌కు వంక లేదు! గా సునీత నువ్వేనా, అమ్మా?"

తలూపాను. కాయిళ్లు తీసి ఒక్కో గుంతా గుడ్డతో ఒత్తాను. ఒకదాంట్లో వేలికి తడి తగిలింది. ఎవరూ చూడకుండా ఆ వేలిని నాలుకకు ఆనించుకున్నాను. తియ్యగానే ఉంది, ఉస్తాద్.