పక్కింటాయన కొత్త పాట

అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో పక్కింటి ఇంగ్లీషు పాటగాడు పోయారు. ఆ కబురు ఆయన కూతురు మా పులిహోర గిన్నె తిరిగిస్తూ చెప్పింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ఆ తండ్రీకూతుళ్ళకి మా ఆవిడే నేర్పింది. అంత దుఃఖంలోనూ ఆ అమ్మాయి అందులో నాలుగు బిస్కెట్లు వేసి తెచ్చింది.

కుర్రతనంలో ఆయన లండన్‌లో ఒక బ్యాండ్ పెట్టి, అక్కడి జానపదాలకి డ్రమ్స్, గిటారు జోడించి, ఒకే ఒక్క పాటతో పేరు తెచ్చుకున్నారట. తర్వాత బ్యాండ్ విడిపోయింది. టూర్‌కని అమెరికా వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయారు. ఎన్ని పాటలు రాసినా జనం మాత్రం ఆ పాతదే అడిగేవారు. "నేను కొత్త పాట ఎత్తుకోగానే అందరూ బీరు కోసం లేస్తారు. బార్ వాళ్ళకి నేనంటే అందుకే ప్రాణం" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ, పోయేలోగా ఒక్క కొత్త పాటనైనా జనం మళ్ళీ పాడమంటే చాలని ఆయన ఆశ.

మాకు ఆ పాత పాట తెలీదు. అందుకే ఆయనకి మేమంటే ఇష్టం. చెత్త డబ్బా బయటపెడదామని వెళ్తే పోర్చ్‌లో కూర్చోబెట్టి కొత్తది వినిపించేవారు. ఈలోగా చెత్త బండి వెళ్ళిపోయేది. ఇప్పుడు డబ్బా టైంకే పెడుతున్నాను, ఆ పోర్చ్ చూస్తే మాత్రం బెంగగా ఉంటోంది.

ఒక ఉగాదికి మా తెలుగు సంఘంలో ఆయనతో పాడించాం. మన అలవాటు ప్రకారం పాడకముందే శాలువా కప్పారు, గిటారుతో సహా. ఆయన కొత్త పాటే పాడారు. అది అయ్యేసరికి బిర్యానీ బండి ఇంకా హైవే మీదే ఉంది. సంఘం ప్రెసిడెంట్ గారు వెనక వరసల్లోకి పరిగెత్తి, "ఫుడ్ లేటవుతోందండీ. ఎవరూ లేవకండి, వన్స్ మోర్ అనండి ప్లీజ్!" అని బతిమాలారు. హాలు హాలంతా "వన్స్ మోర్!" అని అరిచింది. ఆయన మళ్ళీ పాడారు. మేం మళ్ళీ అరిచాం. ట్రేలు దిగేదాకా ఇదే వరస.

కార్‌లో వస్తూ శాలువాతో కళ్ళు తుడుచుకుని, "మీ వాళ్ళకి పాట వినడం తెలుసు" అన్నారు. బిర్యానీ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సంతాప సభలో అందరూ కలిసి ఆ పాత పాటే పాడారు. మేం వినడం అదే మొదటిసారి. ఏం చెప్పను, చాలా బాగుంది! ఆ మాట విని ఉంటే ఆయన మాతో మాట్లాడడం మానేసేవారు. తర్వాత కూతురు ఉగాది నాటి పాట రికార్డింగ్ పెట్టింది. వెనక బల్ల మీద శాండ్‌విచ్‌లూ, కాఫీ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పాట అయిపోయింది. మా వరస చివర ప్రెసిడెంట్ గారు గొంతు సవరించుకుని, మెల్లిగా "వన్స్ మోర్" అన్నారు.

అమ్మాయి మళ్ళీ పెట్టింది. ముందు వరసలో ఆయన కోసం ఖాళీగా ఉంచిన కుర్చీ మీద శాలువా మడతపెట్టి ఉంది. వెనక కాఫీ చల్లారిపోతోంది. ఎవరూ లేవలేదు.