రంగు వేరే వచ్చిందన్నారు

మొన్న పెద్దపల్లిలో చుట్టాల పెళ్లికి వెళితే, భోజనాలయ్యాక నా ఈడు ఆడవాళ్లం నలుగురం ఓ పక్కకు కుర్చీలు జరుపుకుని కూర్చున్నాం. మాట ఎటు తిరిగి ఎటు వచ్చిందో గానీ, ఫోన్లో చూసి తెప్పించుకునే చీరల మీదికి మళ్లింది. ఒకావిడ గులాబీ రంగు అనుకుంటే వంకాయ రంగు వచ్చిందట, ఇంకొకావిడ పసుపు అనుకుంటే ఆవపిండి రంగు వచ్చిందట. అమ్మేవాళ్లంతా దొంగలేనని తేల్చేసి కడుపుబ్బ నవ్వుకున్నారు. నేనూ నవ్వు ముఖం పెట్టాను. ఆ అమ్మేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఒకదాన్నని వాళ్లకు తెలియదు. అప్పట్లో నా లెక్క ఇంకోలా ఉండేది, కొనేవాళ్లంతా దొంగలేనని.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేము సాంచాలంటాం. మా ఇంట్లో నాలుగు సాంచాలు ఉండేవి, మా ఆయన, మరిది కలిసి నడిపేవారు. మరిది దుబాయి వెళ్లాక రెండు ఆగిపోయాయి. అందరి చేతుల్లోకీ కొత్తగా పెద్ద ఫోన్లు వస్తున్న రోజులవి. నేను, మా యారాలు, అంటే ఆ మరిది భార్య, ఇద్దరం కలిసి ఫోన్లో ఓ గ్రూపు పెట్టి మా కాటన్ చీరలు అమ్మడం మొదలుపెట్టాం. ఆమె నాకంటే పదేళ్లు చిన్నది, రాత ముత్యాల్లా ఉండేది, అందుకని చిరునామాలు రాయడం, చీర మడతపెట్టి కవరులో పెట్టడం ఆమె పని. ఫొటోలు మాత్రం నేను ఎవరికీ వదిలేదాన్ని కాదు. ఫొటో తీశాక ఫోన్లో ఓ గీత ఉంటుంది, దాన్ని ఇటు జరిపితే రంగు పెరుగుతుంది, అటు జరిపితే తగ్గుతుంది. చీరను ఒళ్లో పెట్టుకుని, బొమ్మకూ చీరకూ రవ్వంత తేడా లేదనిపించేదాకా ఆ గీతను జరుపుతూనే ఉండేదాన్ని. ఎవరినీ మోసం చేయకూడదని అంత జాగ్రత్త.

రెండేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. మూడో ఏడు మొదలైంది గొడవ. రంగు వేరే వచ్చిందని ఒకరు, ఫొటోలో ఇలా లేదని ఇంకొకరు. నాకైతే ఒక్క చీరలోనూ తేడా కనిపించలేదు. పెళ్లికో పేరంటానికో కట్టుకుని, పని అయ్యాక రంగు సాకు పెట్టి తిరిగి పంపుతున్నారని గట్టిగా నమ్మాను. వాపసు వచ్చిన చీరను ముక్కు దగ్గర పెట్టుకుని మల్లెపూల వాసన వస్తుందేమోనని చూసేదాన్ని, భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన చిల్లులు వెతికేదాన్ని. చీరే మార్చి పంపుతున్నారేమోనని, ఎవరికీ చెప్పకుండా అంచు మూలన ఎర్రదారంతో చిన్న కుట్టు వేయడం కూడా మొదలుపెట్టాను. చీర వాపసు వచ్చింది, కుట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది. అప్పుడైనా మనసు కుదుటపడాలి కదా? పడలేదు. మా యారాలు ఆ కుట్టు కనిపెట్టి, విప్పి, పాత చీరకు వేసి కొన్నవాళ్లకు పంపుతోందని, మంచి చీరలు ఆమె పుట్టింటికి చేరుతున్నాయని అనుకున్నాను. అప్పుడు అది నాకు పట్టపగలంత స్పష్టంగా తోచింది.

కవర్ల పని ఆమె చేతిలోంచి తీసేసుకున్నాను. వంటింటి గడప దగ్గర నిలబడి అడిగింది.

“అక్కా, నేను జేసిన తప్పేంది?”

“తప్పేం లేదు, జర రెస్టు తీస్కో,” అన్నాను, ఆమె ముఖం చూడకుండా.

ఆమెకు అర్థమైంది. వారం తిరగకముందే వీధి చివర జాకెట్లు కుట్టే దుకాణంలో పనికి కుదిరింది.

ఆ రోజుల్లోనే ఉట్నూరు నుంచి ఓ టీచరమ్మ ఫోన్ చేసింది. నెమలికంఠం రంగు చూసి తీసుకుంటే ముదురాకుపచ్చ వచ్చిందట. తల్లికి కట్టిస్తానని తాను మొక్కుకున్న చీరట, ఆ రంగే కావాలట. మొక్కు మాట వినగానే, ఇదో కొత్త ఎత్తు అనుకున్నాను. నేను పెడసరంగా మాట్లాడినా ఆమె ఫోన్ పెట్టేయలేదు.

“సోమవారం మేం వేములవాడకు వస్తున్నం. మీకు దగ్గరే గదా, మీరు గూడ రాండ్రి. మొకం మొకం జూస్కొని మాట్లాడుకుందం,” అంది.

పదిమందిలో ఆమె అబద్ధం బయటపెట్టాలనే వెళ్లాను. గుడి ముందు గాజుల అంగడి పక్కన కూర్చుని ఉన్నారు తల్లీబిడ్డలు. తల్లి అప్పుడే తలనీలాలు ఇచ్చి వచ్చింది, గుండు మీద పసుపు ఇంకా ఆరలేదు. టీచరమ్మ చీర విప్పి, దాని మీద ఫోన్ పెట్టి చూపించింది. చూశాను. నా కంటికి రెండూ ఒక్కటే.

“రెండు ఒక్క తీరే ఉన్నయి గదా! అబద్ధమాడనీకి దేవుని జాగనే దొరికిందా నీకు?” అని గొంతు పెంచాను. జనం తిరిగి చూశారు. నా పక్షాన సాక్ష్యం ఉంటుందని గాజులామెను పిలిచాను. “నువ్వు జెప్పు పిల్లా, రంగులల్లనే బతుకుతవు గదా నువ్వు.”

ఆమె చీర వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది, తర్వాత నా వైపు వింతగా చూసింది. “ఫోన్ల ఉన్నది నీలం మీదికున్నది. చీరేమో పచ్చగున్నది. ఒక్కటెట్లయితయవ్వా?”

ఈమెకు ముందే చెప్పి పెట్టుకున్నారన్న అనుమానం కూడా వచ్చింది నాకు. టీచరమ్మ అంగట్లోంచి రెండు జతల గాజులు తీసి నా ముందు పెట్టింది.

“వీటిల్ల నీలంవి ఏవో తీయండ్రి,” అంది.

చెయ్యి చాపాను. ఎటు పోవాలో చేతికి తెలియలేదు. రెండు జతలూ మబ్బు మబ్బుగా, ఒకే బురదనీళ్ల రంగులో కనిపించాయి.

అప్పటిదాకా మాట్లాడని ముసలామె కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. “కొట్లాడకు బిడ్డా. ఈమెకు నా లెక్కనే కండ్లల్ల పొర వచ్చినట్టున్నది. ఆపరేషన్ కాకముందు నాకు తెల్లబువ్వ గూడ పసుపు గలిపినట్టే కనవడేది.” తల్లి కళ్లు బాగైతే ఆమెకు ఇష్టమైన నెమలికంఠం చీర కట్టిస్తానన్నదే ఆ కూతురి మొక్కు. చీర రంగు వేరే అని మొదట చెప్పింది కూడా ఆ తల్లేనట.

కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించుకున్నాను. కట్టు విప్పాక ఇంటికి వచ్చి నా పాత ఫొటోలు తెరిచి చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ప్రతి చీరా లేని నీలంతో మెరిసిపోతోంది. పొర కమ్మిన నా కంటికి నీలం ఎంత పెరిగినా ఆనక, నేనే జరిపిన రంగులవి. సరైన చీర వెతికి ఉట్నూరుకు పంపాను. ఫిర్యాదు చేసిన ఒక్కొక్కరికీ తప్పు నాదేనని రాశాను. కొందరు బదులిచ్చారు, ఎక్కువమందికి నా మాట చేరనే లేదు, ఎప్పుడో నా నంబరు బ్లాక్ చేసేశారు.

అన్నిటికంటే కష్టమైంది జాకెట్ల దుకాణం దాకా నడవడం. అంతా చెప్పి, తప్పయిందన్నాను. మా యారాలు మిషన్ ఆపి విన్నది.

“కండ్లు ఆనకపోతె రంగులు తెలువయి అక్కా, నిజమే. నేను ఎసొంటిదాన్నో గూడ తెలువలేదా?”

కొన్నాళ్లకు ఆమె మళ్లీ కవర్ల పనికి వచ్చింది. అయితే ప్రతి చీరనూ మడతపెట్టే ముందు నా ముఖం ముందు పట్టుకుని “జూసినవా అక్కా?” అని అడిగేది, చూశానంటేనే కవరులో పెట్టేది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. బిడ్డ దగ్గరికి కరీంనగర్ వెళ్లిపోయేదాకా ఆ ఒక్క అలవాటు మానలేదు.

ఇప్పుడు ఈ వ్యాపారం నా కోడలు చూస్తోంది. నచ్చనివాళ్లు ఫోన్లో ఎక్కడో నొక్కుతారు, చీర తిరిగి వస్తుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. సుఖంగానే ఉంది, కాదనను. కానీ ఆ సుఖం ఆ రోజుల్లోనే ఉండి ఉంటే, ఉట్నూరు టీచరమ్మ కూడా నొక్కేసి ఊరుకునేది, నేను మా ఇంటి మనిషిని దొంగనుకుంటూనే ముసలిదాన్నయ్యేదాన్ని. మొక్కుకు వస్తూ అంత దూరం నుంచి ఆ చీర కూడా మోసుకొచ్చి, నేను చెప్పింది తప్పని నా ముఖం మీదే చూపించిన మనిషి ఆమె. ఈ మధ్య నాతో అలా కొట్లాడేవాళ్లెవరూ కనిపించడం లేదు.